ఫొటో అంచున కూర్చున్నవాళ్లు

(చూపు చరిత్ర – 9వ భాగం)



పోయిన ఆదివారం మా పల్లెలో కుర్రాళ్లను కూర్చోబెట్టుకుని ఫోనుతో ఫొటోలు ఎలా తీయాలో మాట్లాడుకున్నాం. పెళ్లి ఫొటోలు కాదు. మనవాళ్ల మీద చెయ్యి పడ్డప్పుడు, పోలీసులు వచ్చేలోపు మనం తీసి దాచుకోవాల్సిన ఫొటోలు. డిగ్రీ చదివే ఒక తమ్ముడు లేచి, "అన్నా, ముందు బ్యాక్‌గ్రౌండ్ క్లీన్‌గా ఉండాలి. మనిషి వెనక స్తంభం ఉండకూడదు. అంచుల్లో సగం తెగిన మనుషులు ఉండకూడదు. అవన్నీ డిస్ట్రాక్షన్" అన్నాడు. అని ఊరుకోలేదు, తన ఫోనులో ఒక ఫొటో తెరిచి వెనక నిలబడ్డ మనిషి చుట్టూ వేలితో గీత గీశాడు. మనిషి మాయం. ఆ చోటికి గోడ వచ్చేసింది.

కుర్రాళ్లంతా చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం కడుపులో దేవినట్టయింది. ఎందుకో చెబుతాను.

2006లో మా పక్క మండలంలోని ఒక ఊళ్లో మాదిగపల్లెను వెలేశారు. కూలి రేటు పెంచమని అడగడమే నేరం. పల్లెవాళ్లకు పని ఇచ్చినా, సరుకు అమ్మినా, ఆటో ఎక్కించుకున్నా జరిమానా అని చాటింపు వేయించారు. సంగతి తెలిసి మేం నలుగురం వెళ్లాం. నా చేతిలో ఒక మిత్రుడి డిజిటల్ కెమెరా. కిరాణా కొట్టు ముందు ఒక పెద్దమ్మ నేల మీద కూలబడి ఏడుస్తోంది. చేతిలో ఖాళీ సంచి. కొట్టు తలుపు సగం మూసి ఉంది. కుడివైపు అరుగు మీద ముగ్గురు మగాళ్లు. ఇద్దరు నవ్వుతున్నారు. మూడోవాడు అంచున సగం తెగిపోయాడు కానీ అతని చెయ్యి ఫ్రేములోకి వచ్చింది, పొమ్మన్నట్టు లేచి ఉంది. పెద్దమ్మ తల వెనక నిలువునా కరెంటు స్తంభం.

నిజం చెబుతున్నా, ఆ ఫొటో చూసుకుని సిగ్గుపడ్డాను. అంతకుముందు టౌనులో ఒక ఫొటోగ్రాఫర్ దగ్గర మూడు నెలలు పని నేర్చుకున్నాను. తలలోంచి స్తంభం మొలిచిందేమిరా అని ఆయన ఎన్నిసార్లు తిట్టాడో లెక్కలేదు. ఆ ఫొటోనే ఒక పత్రికకు పంపాం. మర్నాడు జిల్లా పేజీల్లో వచ్చింది. డెస్కులో ఎవరో చక్కగా కత్తిరించారు. స్తంభం లేదు, కొట్టు లేదు, అరుగు లేదు. ముడతలు పడ్డ మొహం, కన్నీళ్లు, అంతే. నాకు భలే నచ్చింది. నేను తీసినదాని కంటే ఇదే బాగుందనుకున్నాను. కెమెరా కార్డులో చోటు తక్కువ. పేపర్లో మంచి ఫొటో వచ్చేసింది కదా అని అసలుదాన్ని నా చేత్తో నేనే డిలీట్ చేశాను.

వారం తర్వాత విచారణకు వచ్చిన అధికారి ఆ పేపరు కటింగు పట్టుకుని అడిగాడు. "ఎవరు వెలేశారయ్యా? ఇందులో ఎవరున్నారు? ముసలామె ఏడుస్తోంది. ఎందుకేడుస్తోందో ఫొటోలో రాసుందా?" మా దగ్గర జవాబు లేదు. పెద్దమ్మకు కటింగు చూపిస్తే కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి నాకేసి తిరిగింది. "ఏందిరా అబ్బయ్యా, నా ఏడుపు మొకం ఒక్కటే ఏశారు. ఆళ్లేరి?"

ఆ ప్రశ్న పట్టుకునే నేను ఫొటోల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఈ 'క్లీన్ ఫ్రేము' అనేది ఎక్కడ పుట్టింది, ఎవరి అవసరం కోసం పుట్టింది అని.

మన తమ్ముళ్లు యూట్యూబులో మొదట నేర్చుకునేది రూల్ ఆఫ్ థర్డ్స్. ఫోను తెర మీద తొమ్మిది గళ్లు వస్తాయి చూడండి, గీతలు కలిసేచోట మనిషిని పెట్టమంటారు. ఆ పేరు పెట్టింది జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు బొమ్మలాయన, 1797లో. అప్పటికి కెమెరానే లేదు. ఆయన చెప్పింది తొమ్మిది గళ్ల సంగతి కూడా కాదు, బొమ్మలో ఆకాశం రెండు పాళ్లు ఉంటే నేల ఒక పాలు ఉండాలి అన్నలాంటి లెక్క. అది ఏ పుస్తకంలో చెప్పాడో తెలిసినప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. అది పల్లెల్లో పేదవాళ్ల గుడిసెలను అందంగా ఎలా గీయాలో చెప్పే పుస్తకం. శుభ్రంగా ఉన్న ఇంటికంటే పెచ్చులూడి, కప్పు పాడై, పట్టించుకునే దిక్కులేని గుడిసే బొమ్మకు బాగుంటుందని ఆయన అభిరుచి. ఆ కప్పు ఎందుకు పాడైంది, లోపల ఉండేవాడికి కూలి ఎంత వస్తోంది, నేల ఎవరిది అన్నవి బొమ్మకు అక్కర్లేదు. స్మిత్ దుర్మార్గుడని నేననడం లేదు. బొమ్మ గోడకు వేలాడాలి, చూసినవాడికి హాయిగా ఉండాలి, దానికి తగ్గ లెక్క చెప్పాడాయన. ఆ పనికి ఆ లెక్క సరైనదే.

ఆ చూపే కెమెరా ఎక్కి మన నేలకు వచ్చింది.

విలోబీ వాలెస్ హూపర్ అని మద్రాసు సైన్యంలో అశ్వికదళ అధికారి ఉండేవాడు. 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలుగా వచ్చిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అనే గ్రంథానికి ఈయన కూడా ఫొటోలు తీశాడు. మన కులాలను, తెగలను నమూనాల్లాగా వరసపెట్టి ముద్రించిన పుస్తకం అది. తర్వాత 1876–78 కరువు వచ్చింది. ధాత నామ సంవత్సరం కరువు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు ఎండి పగుళ్లిచ్చాయి. దక్షిణాదిలో, దక్కనులో కలిపి చచ్చినవాళ్లు 50 లక్షలకు పైనే అని అంచనా. చచ్చినవాళ్లలో ఎక్కువమంది సెంటు భూమి లేనివాళ్లు, కూలీలు, నేతగాళ్లు. అంటే ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

హూపర్ ఆ కరువును ఫొటోలు తీశాడు. మీరు ఇంటర్నెట్‌లో చూసే ఉంటారు. ఎముకల గూళ్లలాంటి మనుషులను వరసగా కూర్చోబెట్టి, వెనక కొందరిని నిలబెట్టి, పక్కటెముకలు కనబడేలా తీసిన గ్రూపు ఫొటోలు. చాలావాటిలో వెనక పెద్దగా ఏమీ ఉండదు. స్టూడియోలో కుటుంబం ఫొటో దిగినంత పొందికగా ఉంటాయి. ఆ ఫొటోలను నేను చాలాసార్లు చూశాను. కూర్పులో లోపం పట్టలేరు. దృష్టి చెదరగొట్టే వస్తువు ఒక్కటి లేదు.

ఇంతకీ లేనివి ఏమిటి? ఆ 1877లోనే ఈ దేశం నుంచి ఇంగ్లండుకు గోధుమల ఎగుమతి ఆగలేదు. అది ఫ్రేములో లేదు. సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. అది తిని రాళ్లు కొట్టాలి. ఆ తూకం ఫ్రేములో లేదు. షావుకారు లేడు, కరణం లేడు, కలెక్టరు లేడు. ఆకలి ఒక్కటే ఉంది, వానలాగా ఆకాశం నుంచి పడ్డట్టు. మా పెద్దమ్మ ఫొటోను డెస్కులో కత్తిరించినాయన హూపర్ పేరు వినుండడు. అయినా ఇద్దరి కత్తెరా ఒకటే.

హూపర్ కథ అక్కడితో అయిపోలేదు. 1886లో మాండలేలో బర్మా ఖైదీలను కాల్చి చంపుతుంటే, గుండు తగిలే క్షణం ప్లేటు మీదికి రావాలని కాల్పుల ఆజ్ఞను ఆలస్యం చేయించాడని ఆయన మీద ఆరోపణ వచ్చింది. బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్నలు లేచాయి, విచారణ జరిగింది. మంచి ఫొటో కోసం మనిషి చావును ఆపి పట్టుకునేదాకా పోయాడన్నమాట.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. కంపోజిషన్ రూల్సు తప్పు అని నేను చెప్పడం లేదు. పెళ్లికూతురి ఫొటో తీసేవాడు, చీరల కొట్టుకు ప్రకటన తీసేవాడు, కోనసీమ కొబ్బరితోట తీసేవాడు ఫ్రేములో ఏముండాలో తనే నిర్ణయిస్తాడు. అక్కడ అనుకోకుండా వచ్చిన ప్లాస్టిక్ కుర్చీ నిజంగానే అడ్డం. తీసెయ్యొచ్చు. వార్తా ఫొటోగ్రాఫర్ సంగతి అది కాదు. అతను వచ్చేసరికే అక్కడ అన్నీ ఉన్నాయి. తన కాళ్లు కదుపుకోవచ్చు, వంగొచ్చు, గోడెక్కొచ్చు, క్షణం కోసం ఎదురుచూడొచ్చు. అక్కడున్నదాన్ని కదిపే హక్కు లేదు. ముంబైలో పారిశుధ్య కార్మికులను ఏళ్ల తరబడి ఫొటోలు తీసిన సుధారక్ ఓల్వే చెత్తను పక్కకు నెట్టి తీస్తే ఇక అక్కడ ఫొటో ఏముంది?

నల్లవాళ్ల చరిత్రలో ఇది ఇంకా బాగా కనబడుతుంది. 1957 సెప్టెంబర్ 4న అమెరికాలోని లిటిల్ రాక్ అనే ఊళ్లో, తెల్లపిల్లలు మాత్రమే చదివే సెంట్రల్ హైస్కూలుకు ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్ అనే పదిహేనేళ్ల నల్లపిల్ల ఒంటరిగా నడిచి వెళ్లింది. కోర్టు తీర్పు ఆమె వైపు ఉంది. తుపాకులు పట్టుకున్న సైనికులు లోపలికి పోనివ్వలేదు. వెనక గుంపు. విల్ కౌంట్స్ అనే స్థానిక పత్రికా ఫొటోగ్రాఫర్ చేతిలో చిన్న 35 ఎంఎం కెమెరా ఉంది, మిగతావాళ్ల దగ్గర బరువైన పెద్ద కెమెరాలు. అందుకే ఆయన ఆమెకు ముందుగా కదులుతూ తీయగలిగాడు. ఫొటోలో ఎలిజబెత్ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, పుస్తకం పట్టుకుని, మొహంలో ఏమీ కనబడనీయకుండా నడుస్తోంది. ఆమె వెనక నోరు బార్లా తెరిచి అరుస్తున్న తెల్లపిల్ల. పేరు హేజెల్ బ్రయన్. ఆమెకూ పదిహేనేళ్లే.

ఇప్పుడు ఆ ఫొటోను మన ఫోనులో పోర్ట్రెయిట్ మోడ్‌లో తీశామనుకోండి. ఎలిజబెత్ తళతళలాడుతుంది. వెనకదంతా మసక. హేజెల్ నోరు మసక. అప్పుడు మనకు మిగిలేది అందంగా నడిచి వెళ్తున్న ఒక నల్లపిల్ల. ఆ బ్యాక్‌గ్రౌండ్ అచ్చు కావడం వల్లనే హేజెల్ జీవితమంతా ఆ ఫొటోకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. కొన్నేళ్లకు ఆమె ఎలిజబెత్‌కు ఫోను చేసి క్షమాపణ అడిగింది. మా ఊరి అరుగు మీద చెయ్యి ఊపినవాడు ఇప్పటిదాకా ఎవరికీ జవాబు చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

ఇంకో సంగతి. 1958లో ఫొటోగ్రఫీకి ఇచ్చే పులిట్జర్ బహుమతి పోటీలో కౌంట్స్ ఫొటో ఉంది. బహుమతి మాత్రం వేరే ఫొటోకు ఇచ్చారు. కవాతు చూస్తూ రోడ్డు మీదికి వచ్చేస్తున్న రెండేళ్ల బుడ్డోడికి వంగి నచ్చజెబుతున్న పోలీసు ఫొటో అది. ముద్దుగానే ఉంటుంది.

అంచులు మిగిలితే చాలు న్యాయం జరిగిపోతుందని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. 1930 ఆగస్టు 7న ఇండియానా రాష్ట్రం మారియన్ పట్టణంలో థామస్ షిప్, అబ్రామ్ స్మిత్ అనే ఇద్దరు నల్ల యువకులను గుంపు జైలులోంచి లాక్కొచ్చి చెట్టుకు ఉరేసింది. లారెన్స్ బైట్లర్ అనే ఊరి స్టూడియో ఫొటోగ్రాఫర్ వచ్చి ఫొటో తీశాడు. వేల ప్రింట్లు అమ్ముకున్నాడు. ఆ ఫొటోలో పైన శవాలు, కింద జనం. మొహాలు స్పష్టంగా ఉన్నాయి. ఒకడు వేలెత్తి శవాలను చూపిస్తున్నాడు, కెమెరాకేసి చూస్తున్నాడు. అంత సాక్ష్యం ఉన్నా ఒక్కడికీ శిక్ష పడలేదు. వాళ్లకు తెలుసు పడదని, అందుకే కెమెరా ముందు నిలబడ్డారు. 2016లో ఉనాలో చచ్చిన ఆవు చర్మం తీసినందుకు మనవాళ్లను కట్టేసి కొట్టి వీడియో తీసింది కొట్టినవాళ్లే కదా. ధీమా అదే. కానీ మారియన్ ఫొటోలోంచి కింది జనాన్ని కత్తిరించి చూడండి. మిగిలేది రెండు శవాలు, ఒక చెట్టు. అప్పుడు అది వాళ్ల నేరం కాదు, మన దురదృష్టం అయిపోతుంది.

స్తంభం సంగతి చెబుతానన్నాను. 1970 మే 4న అమెరికాలోనే కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో యుద్ధాన్ని వ్యతిరేకిస్తున్న విద్యార్థుల మీద నేషనల్ గార్డు కాల్పులు జరిపి నలుగురిని చంపింది. జాన్ ఫైలో అనే విద్యార్థి తీసిన ఫొటోలో, నేల మీద పడున్న జెఫ్రీ మిల్లర్ శవం పక్కన పద్నాలుగేళ్ల మేరీ ఆన్ వెకియో మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచి అరుస్తోంది. సరిగ్గా ఆమె తలలోంచి మొలిచినట్టు వెనక ఒక కంచె స్తంభం! మా గురువుగారు చూస్తే ఫైలోను కూడా తిట్టేవాడు. ఆ ఫొటోకు 1971లో పులిట్జర్ వచ్చింది, స్తంభంతో సహా. 1995లో 'లైఫ్' పత్రిక మళ్లీ అచ్చేస్తే అందులో స్తంభం లేదు. ఎవరో ఎప్పుడో ప్రింటు మీద రంగు పూసి చెరిపేశారు. ఆ చెరిపిన ప్రింటే బొమ్మల బీరువాలో ఉండి, ఏళ్ల తరబడి అసలుదిగా చలామణీ అయింది. చెరిపినదెవరో ఎవరికీ తెలియలేదు. స్తంభమే కదా, దానివల్ల చరిత్ర ఏం మారింది అంటారు. మారలేదు. కానీ స్తంభం చెరిపిన చెయ్యి ఇంకేం చెరిపిందో అన్న అనుమానం ఆ రోజు నుంచి మిగిలింది.

డొరొథియా లాంజ్ కూడా ఇదే పని చేసింది. 1936లో తీసిన 'మైగ్రెంట్ మదర్' ఫొటోలో కుడివైపు కింద, డేరా గుంజను పట్టుకున్న ఒక బొటనవేలు ఉంటుంది. మూడేళ్ల తర్వాత ఆమె ఆ వేలిని చెరిపించింది. ఫొటోలు తీయించిన ప్రభుత్వ విభాగం పెద్ద రాయ్ స్ట్రైకర్‌కు అది నచ్చలేదు. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థామ్సన్ అని, ఆమె చెరోకీ ఆదివాసి అని లోకానికి తెలిసింది 1978 తర్వాతే. వేలి మీద పెట్టిన శ్రద్ధ పేరు మీద పెట్టలేదు.

ఇప్పుడు పెద్ద సంస్థలకు నియమాలున్నాయి. సిరియా ఫొటోలో మూలన ఉన్న తోటి విలేకరి వీడియో కెమెరాను చెరిపినందుకు 2014లో ఏపీ వార్తాసంస్థ నార్సిసో కొంట్రెరాస్‌తో తెగతెంపులు చేసుకుంది. ఆయన అంతకు ముందు ఏడాది పులిట్జర్ పొందిన బృందంలో ఒకడు. మన దేశం ఫొటోలతో పేరు తెచ్చుకున్న స్టీవ్ మెక్‌కరీ ఫొటోల్లోంచి మనుషులు మాయమైన సంగతి 2016లో బయటపడితే, నేను జర్నలిస్టును కాదు, బొమ్మలతో కథ చెప్పేవాడిని అన్నాడు. అదైనా నయం, ఏ గట్టున ఉన్నాడో చెప్పాడు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది 2010 వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీ. స్తెపాన్ రూదిక్ అనే ఫొటోగ్రాఫర్ వెనక కనబడుతున్న ఎవరిదో పాదం ముక్కను చెరిపాడని బహుమతి వెనక్కి తీసుకున్నారు. ఆయన అసలు ఫొటోలో చాలా భాగాన్ని కోసేసి, చిన్న ముక్కను మాత్రమే తీసుకున్నాడు. దానికి అభ్యంతరం లేదు! పాదం చెరిపితే తప్పు, ముప్పావు ఫ్రేము కోసేస్తే ఒప్పు. ఆ సంస్థ నియమావళిలో కూడా అనవసరమైన వివరాలను క్రాప్ చేసి తీసెయ్యొచ్చని ఉంది. అనవసరమైనదని ఎవరు చెప్పాలి? 2006లో మా ఫొటోకు డెస్కులో ఉన్నాయన చెప్పాడు. ఆయన ఏ నియమమూ తప్పలేదు.

కుర్రాళ్లకు ఆదివారం ఈ కథంతా చెప్పి, తర్వాత చట్టం తీశాను. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో కులం పేరుతో దూషించిన నేరం నిలవాలంటే అది 'పబ్లిక్ వ్యూ'లో, అంటే నలుగురికీ కనబడే చోట జరిగి ఉండాలి. ఇంటి నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అంటే కేసు నిలవదని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి నలుగురూ ఉన్నారని ఫొటోలో చెప్పేది ఎవరు? వెనక నిలబడి చూస్తున్నవాళ్లు, అంచున సగం తెగినవాళ్లు, టీ గ్లాసు పట్టుకుని నవ్వుతున్నవాళ్లు. యూట్యూబు భాషలో డిస్ట్రాక్షన్లు. చట్టం భాషలో వాళ్లే 'పబ్లిక్'. సాంఘిక బహిష్కరణను ఈ చట్టంలో విడిగా నేరంగా చేర్చింది 2015 సవరణ, అమల్లోకి వచ్చింది 2016 జనవరి 26న. మా పెద్దమ్మ రోజుల్లో అదీ లేదు. అందుకే ఆ అరుగు అంత విలువైనది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు వెనక్కి జరిగి వెడల్పుగా ఒకటి తీయండి. వీధి, బోర్డు, స్తంభం మీద నంబరు, బండి నంబరు ప్లేటు, నిలబడ్డ మనుషులు, అన్నీ రానివ్వండి. తర్వాత కావాలంటే దగ్గరికి పోయి మొహం తీయండి. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, ఎరేజర్ ముట్టుకోవద్దు. అసలు ఫైలు ఫోనులోంచి తీసెయ్యొద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుంచించుకుపోతుంది, తీసిన టైము, చోటు వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. కోర్టుకు వెళ్లేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ అడుగుతారు, ఇదివరకు 65బి అనేవాళ్లం, 2024 జులై నుంచి అది కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్. అత్యాచారానికి గురైన ఆడవాళ్ల మొహాలు, పిల్లల మొహాలు మాత్రం బయటికి పోకూడదు, అది చట్టం, అంతకు ముందు మన మర్యాద. బయట పెట్టే కాపీలో మసక చేయండి, అసలుదాన్ని లాయరుకు ఇవ్వండి.

ఒక మనవి కూడా ఉంది. 1985లో కారంచేడు తర్వాత చీరాల శిబిరంలో, 1991లో చుండూరు తర్వాత తెనాలి చుట్టుపక్కల ఎంతోమంది కెమెరాలు పట్టుకుని తిరిగారు. పత్రికల్లో మనం చూసినవి కత్తిరించిన ముక్కలే. పాత స్టూడియోలు మూతపడుతున్నాయి, నెగటివ్ డబ్బాలు చెత్తకుప్పల్లోకి పోతున్నాయి. మీ ఊళ్లో అలాంటి స్టూడియో ఉంటే, మీ నాన్న ట్రంకుపెట్టెలో అలాంటి కవర్లు ఉంటే పారేయకండి. ప్రింటు కాదు, నెగటివ్ కావాలి. నాకు కబురు చేయండి, వచ్చి స్కాన్ చేసుకుని మీది మీకు ఇచ్చేస్తాను.

వచ్చే వారం ఎమెట్ టిల్ శవపేటిక మూత తీసి ఉంచమన్న తల్లి గురించి రాస్తాను.